పొగవైపు పీట

గత మాసమున ఈ పుటలో బాలింతల పథ్యమును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఆ ముచ్చట వ్రాసినది మన దేశమున గాదు. మా చెల్లెలి పురిటికై మేము జపాను దేశమునకు పోయి, నగోయా పట్టణమున రెండు మాసములకు పైగా ఉంటిమి. తల్లి లేని పిల్లకు అక్కయే తల్లి గదా! మగబిడ్డ కలిగెను. ఇరువదియొకటవ నాడు బారసాల యైనది. ఆపైని చెల్లెలి అత్తగారు గుంటూరునుండి వచ్చి చేరిరి. అప్పుడు చెల్లెలు, "అక్కయ్యా, వచ్చిన నాటినుండి నీవు వంటయిల్లు తప్ప మఱేమియు చూడలేదు. ఒక్క దినమైనను బయటకు పోయి రావలెను" అని పట్టుపట్టెను. మా మరిది, "వదినగారూ, మీకు ప్రాచీన గ్రంథములన్న ప్రీతి గదా! ఒక ప్రాచీన గృహమును చూపింతును, రండు" అనెను. అట్లు మార్గశిర మాసమున నొక ఆదివారమునాడు మేము త్సుమాగో అను గ్రామమునకు పోయితిమి.

ప్రాచీన గృహమను మాట వినగనే మా మనస్సు చివుక్కుమనెను. కారణము చెప్పెదము. మా యత్తవారి యూర మండువా లోగిలి యొకటి కలదు. మా మామగారి తాతగారు కట్టించినది. మామగారు గతించిన పిదప అత్తగా రొక్కరే అందు కాపురముండిరి. అన్నదమ్ములు ముగ్గురును మూడూళ్ళలో ఉద్యోగములు చేసికొనుచున్నారు. ఏటేట వానలకు ముందు పెంకు నేయింపవలెను. చెద పట్టిన వాసములు మార్పింపవలెను. బడిపంతులు జీతములో ఎంతని తీయగలము? ఇల్లమ్మివేసి అత్తగారిని మాతో నుంచుకొందమను తలంపు పుట్టినది. అది మొదట పుట్టినది మాకే యని మీయొద్ద దాచనక్కఱలేదు. మావారు "అమ్మ యేమనునో" అని సందేహించినపుడు, "ఆమెకు మాత్రము సుఖము కాదా" అని మేమే వారి నోరు మూయించితిమి. మేము ప్రయాణమగునాటికి బేరము కుదురుచుండెను.

నగోయానుండి రైలు గంటసేపు మైదానమును కొండలను దాటి కిసో లోయలో ప్రవేశించును. ఒకప్రక్క కిసో నది, తెల్లని బండరాళ్ళ నడుమ పచ్చగా పాఱుచుండును. రెండు ప్రక్కలను ఆకాశమును మూయునంత యెత్తయిన కొండలు, వానిపై గుబురుగా ముదురాకుపచ్చని చెట్లు. నగిసో అను చిన్న స్టేషనున దిగి, బస్సెక్కి కొద్ది నిమిషములలో త్సుమాగో చేరితిమి. గ్రామమంతయు ఒకే వీథి. వీథి కిరుప్రక్కల నల్లబడిన కఱ్ఱ యిండ్లు, వాని ముందు సన్నని కఱ్ఱ జాలరులు. కొన్ని కప్పులపై బల్లపలకలు పఱచి, గాలికి లేవకుండ రాళ్ళు బరువు పెట్టిరి. విద్యుత్తు తీగలు గాని, ధ్వజములవలె నిలిచెడు టెలివిజను కఱ్ఱలు గాని వీథిలో కంటికి కనబడవు. పగటివేళ మోటారు బండ్లను ఆ వీథిలోనికి రానీయరు. మా చీర కుచ్చెళ్ళు కోటు క్రిందనుండి కనబడుచుండగా ముసలమ్మ యొకతె మమ్ము చూచి నవ్వి, నడుము వంచి నమస్కరించినది. మేమును నమస్కరించితిమి. భాష తెలియనిచోట నమస్కారమే పెద్ద యుపకారము.

ఈ వీథి సామాన్యమైనది కాదు. పూర్వము ఎదో అని పిలువబడిన టోక్యో పట్టణమునకును, చక్రవర్తులు నివసించిన క్యోటో నగరమునకును నడుమ కొండలగుండ నకసెందో అను రాజమార్గ ముండెను. దాని నిడివి సుమారు 530 కిలోమీటర్లు. దారిలో 69 మజిలీలు. ఎదోనుండి లెక్కించిన త్సుమాగో 42వ మజిలీ. తోకుగావా వంశపు షోగునులు దేశమును పాలించినపుడు సామంత ప్రభువు లందఱును ఒక యేడు తమ సీమలోను, ఒక యేడు ఎదోలోను వసింపవలెనని 1635లో శాసనము చేసిరి. సామంతులు తిరుగుచుండిరి గాని వారి భార్యలును బిడ్డలును ఎదో విడిచి కదలరాదు. మగవాడు తిరుగబడకుండుటకు ఆడుది కుదువ యన్నమాట.

ఈ కట్టుబాటు చెడకుండ దారులలో ఠాణా లుండెను. ఈ కిసో దారిలోనే ఫుకుషిమా అనుచోట పెద్ద ఠాణా యొకటి యుండినది. ఎదో వైపు పోవు తుపాకులను, ఎదోనుండి వెలికి వచ్చు స్త్రీలను అచ్చట శోధించెడివారు. తుపాకిని స్త్రీని ఒక్క త్రాసున తూచినందుకు సంతసింపవలెనో, వగవవలెనో మాకు తోచలేదు. ఈ దారికే రాకుమార్తెల మార్గమని మఱియొక పేరు. కొండదారియైనను, సముద్రతీరపు దారివలె పెద్ద యేఱుల వరదలకు ఆగిపోవు భయము తక్కువ యగుటచే పెండ్లికూతుండ్రను ఈ దారినే పంపెడివారు. 1861లో కోమెయి చక్రవర్తి చెల్లెలగు కజునోమియ ఈ వీథిగుండనే పల్లకిలో పోయినది. ఆమెకు బాల్యముననే వేఱొక రాకుమారునితో సంబంధము నిశ్చయమై యుండెను. రాజకార్యమునకై దానిని తప్పించి, షోగునునకిచ్చి పెండ్లి చేయుటకు వేలకొలది పరివారముతో ఆమెను పంపిరి. 1862లో పెండ్లి యైనది. 1866లో భర్త గతించెను.

మజిలీ మజిలీకి ప్రభువులు దిగుటకు హొంజిన్ అను ప్రధాన సత్రమొకటి, అది నిండినపుడు దిగుటకు వకిహొంజిన్ అను రెండవ సత్రమొకటి యుండెను. సత్రమన్న మన ధర్మసత్రము వంటి దనుకొనరాదు. ఊరిలో పేరుగల వర్తకుని యిల్లే సత్రము. త్సుమాగోలో ఆ రెండవ సత్రమును తరతరములుగా నడపినవారు హయాషి వంశమువారు. వారి వ్యాపారము బియ్యపు మద్యము కాచుట. దారిన పోవు సరకులకు గుఱ్ఱములను, కూలీలను కుదుర్చు అధికారమును వారిదే. వారి యింటిపేరు వేఱు, ఇంటికి పేరు వేఱు. ఇంటి పేరు ఒకుయ. మేము చూడబోయినది ఈ యింటినే.

1870లో ప్రభుత్వమువారు ఈ సత్రముల పద్ధతిని రద్దుచేసిరి. ఇపుడున్న యిల్లు 1877లో మరల కట్టినది. కఱ్ఱయంతయు హినోకి. దేవదారువలె సువాసన గల యొక చెట్టు. ఈ కఱ్ఱను గూర్చి యొక మాట చెప్పవలెను. కిసో కొండలలో హినోకి మొదలగు అయిదు జాతుల చెట్లను సామాన్యులు కొట్టరాదని పాతకాలమున కట్టడి. చెట్టొకటి కొట్టిన తల యొకటి పోవునని ఆ సీమలో వాడుక. కనుల యెదుట నడవి యున్నను, కావలసిన చెట్టును ముట్టరాదు. షోగునుల పాలనము పోయి కట్టడి తొలగినపిమ్మట హయాషివారు ఇల్లంతయు హినోకితోడనే కట్టించిరి. తరతరముల కోరిక యొక్కసారి తీర్చుకొన్నట్లున్నది.

గడపలో చెప్పులు విడిచి లోనికడుగిడితిమి. ఆ యాచారము మనకు క్రొత్తగాదు. పాదములకు నేలబల్లల చలి సూదులవలె తాకినది గాని, ఆ బల్లల నునుపు మాత్రము అద్దమే. ఒక శతాబ్దమునకు మించి చేతి గుడ్డతో తుడిచి తుడిచి వచ్చిన నునుపు అది. ఎవరి చేతులో మనము ఊహింపవచ్చును.

పెద్ద గదినడుమ నేలలో చతురస్రముగా గుంట తీసి, బూడిద నింపి, అందు కట్టెలు మండించుచున్నారు. దానిని ఇరొరి యందురు. పైకప్పునుండి కొక్కెమొకటి వ్రేలాడును. దానికి నల్లని యినుపకేతిలి తగిలించిరి. పొగగొట్టము లేదు. పొగ తిన్నగా పైకిలేచి దూలములను వాసములను చుట్టి చూరుగుండ వెలికి పోవును. పైకి చూచిన కఱ్ఱయంతయు కాటుకవలె నిగనిగలాడుచుండెను. నీలపు పనిబట్టలు ధరించిన అఱువదేండ్ల పెద్దమ్మ యొకతె ఆ నిప్పుకడ కూర్చుండి చూడవచ్చినవారికి విశేషములు చెప్పుచుండెను. మరిది ఆమె మాటలు మాకు తెనిగించి చెప్పెను.

"ఈ పొగయే యింటికి మందు. పొగ తగిలిన కఱ్ఱకు పురుగు పట్టదు, చెమ్మ యెక్కదు. నిప్పు వేయుట మానిన యింటికి ఆయుర్దాయము తక్కువ" అని ఆమె చెప్పెను.

ఆపైని ఆమె ఇరొరి నాలుగు ప్రక్కలను వేలితో చూపెను. సోదరీమణులారా, మేమింత దూరము పోయి తెచ్చినది ఈ నాలుగు చోట్ల ముచ్చటయే. లోపలివైపు, ఇల్లంతయు కనబడునట్లుండు చోటు యజమానునిది. దానికి యొకొజా అని పేరు. ఆ చోట మఱెవ్వరును కూర్చుండరాదు. పిల్లి, తెలివిలేనివాడు, సన్న్యాసి, ఈ ముగ్గురే అచ్చట కూర్చుందురని వారిలో సామెత. వంటయింటి దగ్గఱి ప్రక్క ఇల్లాలిది. దానికి కకజా అని పేరు. దాని కెదుటి ప్రక్క అతిథులది. నాలుగవది మట్టినేలవైపు, వాకిటి చలిగాలి తగులు చోటు. అచ్చటినుండియే కట్టెల మొదళ్ళను నిప్పులోనికి త్రోయుచుండవలెను. దాని పేరు కిజిరి. కట్టెల తోక యని చెప్పవచ్చును. అది కోడలి చోటు, పనివాండ్ర చోటు.

మేము మరిదిచే అడిగించితిమి: "కోడ లెన్నాళ్ళచ్చట కూర్చుండును?"

పెద్దమ్మ నవ్వి, అన్నము వడ్డించు కఱ్ఱ హస్తమును తీసి చూపెను. "అత్తగారు దీనిని కోడలి చేతికిచ్చు నాటివఱకు" అనెను. ఆ దేశమున ననేక ప్రాంతములలో ఇంటి పెత్తనము ఈ హస్తముతోడనే చేతులు మాఱెడిదట. ఎవరి కెంత యన్నము పెట్టవలెనో నిర్ణయించునది ఇల్లాలు గనుక హస్తమే ఆమె రాజదండము. మన యిండ్లలో తాళపుచెవుల గుత్తి వంటిది. గుత్తి నడుమున చెక్కినరోజు మనలో ఎందఱకు జ్ఞాపకములేదు?

మధ్యాహ్నము రెండు గంటలు దాటినది. పడమటి గోడలో ఎత్తుగానున్న కఱ్ఱ జాలరికిటికీగుండ ఎండ లోనికి వాలినది. ఒక్కొక్క కఱ్ఱసందునుండి ఒక్కొక్క వెలుగుచాలు నేలవఱకు దిగి వరుసగా నిలిచెను. చలికాలమున ప్రొద్దు క్రిందుగా నడుచునపుడే ఈ వింత కనబడునట. దానిని చూచుటకే దూరదేశములనుండి జనులు వత్తురు. అందఱును చిత్రములు తీసికొనుచుండిరి. మరిదియు తీసెను.

మేమును చూచి ముగ్ధులమైతిమి. కాని రెండు నిమిషములైన తరువాత మా కండ్లు మండి నీళ్ళు కాఱినవి. మేము కూర్చున్నది కట్టెల తోకవైపు. అప్పుడు తోచినది: వెలుగు తనంత తాను కనబడదు. ఆ గదిలో పొగ లేనియెడల ఆ చాళ్ళే లేవు. ఏ పొగ చూడవచ్చినవారికి శోభయైనదో ఆ పొగయే ఏండ్లతరబడి ఒకతె కంట నీరు తెప్పించినది. చూచువారు ఘడియసేపు కూర్చుండి లేచిపోవుదురు. ఆమె కూర్చుండియే యుండును.

ఆ 'ఒకతె'కు ఒకుయలో పేరు కూడ కలదు. షిమజకి తోసోన్ అను ప్రసిద్ధ కవి ఈ కొండ కావలనున్న మాగొమె అను మజిలీలో 1872లో జన్మించెను. వారిది అచ్చటి ప్రధాన సత్రపు వంశము. ఆయన తల్లిదో, ఈ త్సుమాగో ప్రధాన సత్రపు వంశము. బాల్యమున పొరుగింటి బాలికయగు ఒయూ అనునామె యెడ ఆయనకు మక్కువ కలిగినదనియు, 1897లో వెలువడిన తన మొదటి పద్యసంపుటమున 'తొలివలపు' అను పద్యమున తలచినది ఆమెనే యనియు అందురు. ఆ పద్యము నెఱుగని చదువరి జపానున అరుదట. కవి తొమ్మిదవ యేటనే చదువునకై టోక్యో పోయెను. ఆ బాలిక పెరిగి పెద్దదై ఈ ఒకుయకు కోడలై వచ్చెను.

గోడమీద ఆ కవి విశేషములు వ్రాసి పెట్టిరి. పడుచువాండ్రు వాని ముందు నిలిచి చదువుకొనుచుండిరి. మాకు మాత్రము ఆ పద్యములోని బాలికకంటె ఈ యింటిలోని కోడలిమీదనే దృష్టి పోయెను. కవి ఎఱిగినది ఆమె బాల్యమును మాత్రమే. ఆ పిమ్మట ఆమె ఈ వాకిట అడుగు పెట్టి, ఆచారము చొప్పున ఏ ప్రక్కన కూర్చున్నదో, ఎన్ని కట్టెలు త్రోసినదో, హస్త మెన్నడు చేతికి వచ్చినదో పద్యములో ఎట్లుండును? లోకమంతయు ఆమె చిన్ననాటి ముఖమునే తలచుచున్నది. ఈ నేలబల్లలకు తెలిసినది వేఱొక ముఖము.

లోపలి గదిలో మఱియొక విశేషము. 1880లో మెయిజీ చక్రవర్తి దేశసంచారము చేయుచు ఈ యింట కొంచెముసేపు విశ్రమించెనట. ఆయనకై చేయించిన బల్లను, కట్టించిన గదులను నేటికిని పదిలముగా నుంచిరి. ఘడియ కాలము కూర్చున్నవారికొక బల్ల దక్కినది. జీవితకాలము కూర్చున్నవారి చోటికి పేరు మాత్రము కట్టెల తోక. ఇది ఆ దేశమును ఆక్షేపించుటకు వ్రాయుట గాదు. మన యిండ్లలో పెద్దల పటములే గాని, వంటయింటి పీటకు పటము కట్టినవారెవరు?

ఇట్టి యిల్లు నిలిచినదెట్లని అడిగితిమి. పెద్దమ్మ చెప్పిన సంగతి మా మనస్సునకు సూటిగా తగిలినది. 1909లో రైలు నది ప్రక్కను వచ్చి నగిసోలో స్టేషను వెలసెను. 1911లో దారి పూర్తి యయ్యెను. నడచి పోవువారు లేరైరి. మజిలీకి పనిపోయినది. పిల్లలు పట్టణములకు పోయిరి. ఊరు బీదదైనది. క్రొత్త యిండ్లు కట్టుకొనుటకు డబ్బు లేకపోవుటచేతనే పాత యిండ్లు కొన్ని మిగిలినవి. 1968లో ఊరివారు కూడి, ఈ పాత యిండ్లనే బాగుచేసికొని బ్రతుకుదమని పని మొదలిడిరి. 1971లో కట్టుబాటు వ్రాసికొనిరి. అందు ముఖ్యమైనవి మూడు మాటలు: అమ్మరాదు, అద్దె కీయరాదు, పడగొట్టరాదు. 1976లో ప్రభుత్వమువారు ఆ వీథి నంతటిని రక్షింపదగినదిగా నిర్ణయించిరి. 2001లో ఈ యింటిని ముఖ్య సాంస్కృతిక సంపదగా ప్రకటించిరి. ఇప్పుడిది పురపాలకపు వస్తుప్రదర్శనశాల. ఊరిలోని తక్కిన యిండ్లలో జనులు నేటికిని కాపురముండి, పుట్టగొడుగులను, కఱ్ఱ సామానులను అమ్ముకొనుచు, బాటసారులకు బస యిచ్చుచు జీవించుచున్నారు.

"అమ్మరాదు" అను మాట మరిది తెనిగించి చెప్పినపుడు మేము తలవంచుకొంటిమి. ఆయనకు మా యింటి బేరము సంగతి తెలియదు.

లేచుటకు ముందు ఒక ప్రశ్న వేసితిమి: "అమ్మా, మీరిపుడు కూర్చున్నది ఏ చోటు?"

ఆమె చుట్టును చూచికొని, అప్పుడే గుర్తు వచ్చినట్లు పకపక నవ్వెను. ఆమె కూర్చున్నది యజమానుని చోటు. "ఉదయము నిప్పు వేయునది నేనే, సాయంకాలము ఆర్పునది నేనే. నన్ను లెమ్మనుటకెవరు?" అనెను.

తిరుగు రైలులో మేము మాటాడలేదు. మాగొమె, త్సుమాగోల నడుమ పాత దారిలో ఎనిమిది కిలోమీటర్లు నడువవచ్చుననియు, ఎండకాలమున వచ్చిన నడిపింతుననియు మరిది చెప్పుచుండగా ఊకొట్టుచుంటిమి. మా తలలో తిరుగుచున్నది వేఱు. మేము మా యత్తవారింట కాపురమునకు పోయిన దినములు. గాసు పొయ్యి వచ్చినను పండుగ వంటలు, పెండ్లి వంటలు కట్టెలపొయ్యి మీదనే. అత్తగారు పొయ్యికి దక్షిణముగా, గోడకు చేరి, పొగ నేరుగా ముఖమునకు తగులుచోట పీట వేసికొనెడివారు. ఊదుగొట్టము ఆమె చేతిలోనే. పంక్తులన్నియు లేచిన తరువాత ఆ పీటమీదనే అన్నము తినెడివారు. మాకు ఆ పొగ పడక మేము దూరముగా వాకిటికడ కూరలు తఱుగుకొనెడివారము. ఇల్లు అమ్మవలెనని మాకు తోచుటకు మూలము ఆ పొగయే. ఆ పొగనుండి ఆమెను తప్పించుచున్నామని మాలో మేము గొప్పగా అనుకొంటిమి. కాని ఆ పీటమీద ముప్పదియేండ్లకు పైగా కూర్చున్న మనిషిని ఒక్కమాట అడిగితిమా?

ఆ రాత్రియే మావారితో టెలిఫోనులో మాటాడితిమి. "బేరము ఆపుడు" అంటిమి. ఆయన ఆశ్చర్యపడి, "వద్దన్నదెవరు? కావలెనన్నదెవరు?" అనిరి. "వద్దని మేమిప్పుడును చెప్పుట లేదు. అత్తయ్యగారిని అడిగితిరా?" అంటిమి. కొంతసేపు ఆ వైపునుండి శబ్దము లేదు. బడిలో పిల్లలకు నీతులు చెప్పువారికి ఇట్టి మౌనము అరుదు.

సంక్రాంతికి అందఱమును ఊరు చేరితిమి. భోగినాటి సాయంకాలము వంటయింటిలో అత్తగారి ప్రక్కను పీట వేసికొని కూర్చుంటిమి. త్సుమాగో ముచ్చటయంతయు చెప్పితిమి. నాలుగు చోట్ల సంగతి విని ఆమె, "అక్కడను ఇంతేనా!" అని చిన్నగా నవ్విరి. పిమ్మట అడిగితిమి: "అత్తయ్యగారూ, ఇల్లు ఉంచుదమా, అమ్ముదమా? మీరెట్లన్న అట్లు."

ఆమె వెంటనే బదులు చెప్పలేదు. కట్టె నొకదానిని లోనికి త్రోసి, కండ్లు తుడుచుకొని, "అమ్మాయీ, ఇల్లు నా తరువాత మీ యిష్టము. నేనున్నన్నాళ్ళు ఇచ్చటనే యుందును. కాని ఈ తూర్పుగోడకొక కిటికీ పెట్టించవలెనని మీ మామగారి నడిగితిని. ఆయన వచ్చే యేడనిరి. మీ ఆయనను అడిగితిని, చూతమనెను. మీకు వీలయిన ఆ కిటికీ పెట్టించుడు" అనిరి.

ఆమె యెన్ని సంవత్సరములనుండి అడుగుచుండెనో లెక్క వేయుటకు మాకు మనసొప్పలేదు. ఇల్లమ్మవలెనో, నిలుపవలెనో యని మేము పెద్ద చర్చలు చేయుచుండగా ఆమె కోరినది ఒక్క కిటికీ!

కనుమ వెళ్ళిన మూడవనాడు తాపీపనివాడు వచ్చెను, వడ్రంగి వచ్చెను. ప్రక్కయూర పాత యిల్లు విప్పినపుడు వచ్చిన టేకు చట్ర మొకటి చౌకగా దొరికెను. నాలుగు దినములలో తూర్పుగోడకు కిటికీ యమరినది. దానికెదురుగా పడమటి గోడలో పైన చిన్న గవాక్షము కూడ తీయించితిమి. గాలి ఒకవైపునుండి వచ్చి మఱియొకవైపునకు పోవలెను గదా! పెంకు నేతకు అన్నదమ్ములు ముగ్గురును సమముగా ఇచ్చుకొనుటకు ఒప్పుకొనిరి. ఇది ఎన్నాళ్ళు సాగునో చెప్పజాలము. డబ్బు చిక్కు తీరలేదు. మా పెద్దబావగారికి ఇప్పటికిని ఇల్లమ్ముటయే మేలని తోచుచున్నది, వారి మాటలోను న్యాయమున్నది. కాని ఇక మీదట ఏ మాటయైనను అత్తగారి యెదుటనే మాటాడుకొందుము.

త్సుమాగోవంటి వీథి నిలుపుటకు ఊరందఱును ఏకము కావలెను. ప్రభుత్వము తోడు రావలెను. అది మన యొక్కరి చేతిలోని పని గాదు. కాని ఇంటిలో ఎవరెచ్చట కూర్చుండవలెననునది మన చేతిలోని పనియే. పాత యిల్లు నిలుపుట యన్న పాత పీటల నున్నచోటనే నిలుపుట యని మేమనుకొనము. గోడలు నిలుపవచ్చును, పీటలు జరుపవచ్చును. అట్లు జరుపలేనివారికి పాత యిల్లు బరువైపోవుట సహజము. దానిని మేము స్వానుభవముననే యెఱుగుదుము.

కావున మీయందొక కోరిక. ఈ పుట చదివి మడిచిన పిదప మీ వంటయింటిలోనికి పోయి ఒక్కసారి చూడుడు. ఇప్పుడు అందఱిండ్లలోను పొగ లేకపోవచ్చును. కాని పొగవైపు చోటు లేని యిల్లు అరుదు. కడపట భోజనము చేయువారెవరు, వాకిటి గాలిలో కూర్చుండువారెవరు, అందఱిమాటలు విని తమమాట చెప్పనివారెవరు? ఆ చోట కూర్చున్నవారు అత్తగారు కావచ్చును, కోడలు కావచ్చును, పనిమనిషి కావచ్చును. వారినడుగుడు. వారేదో పెద్దకోరిక కోరుదురని జంకనక్కఱలేదు.

మొన్న అత్తగారి నుండి కబురు వచ్చినది. ఉదయము కిటికీ తెఱచిన పొయ్యిమీదికి ఎండ వచ్చుచున్నదట. పీటను ఇప్పుడు ఉత్తరమువైపునకు జరుపుకొనిరట. "వంటయింటిలో కూర్చుండియే వీథిలో పోవువారిని పలుకరించుచున్నా" నని చెప్పిరి.